మొదటిసారి యానల్ టాయ్ వాడేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

యానల్ టాయ్ అంటే హాయి కోసం మలద్వారంలో పెట్టుకునే సాధనం. ఇది 18 ఏళ్లు నిండినవారి కోసం రాసింది. విశాఖలో ఒక సర్జరీ వార్డులో కొన్నేళ్లు నర్సుగా చేశాను. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి ఒకాయన వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, గోడకు భుజం ఆనించి నిలబడ్డాడు. చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. "బాత్రూంలో జారిపడ్డాను సిస్టర్" అన్నాడు. ఎప్పుడు పడ్డారని అడిగితే నిన్న పొద్దున్న అన్నాడు. లోపల ఇరుక్కున్న వస్తువు కంటే, దాన్ని దాచుకుని గడిపిన ఆ ఇరవై గంటలే ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఆయన సిగ్గుపడకుండా ఎవరికైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది. అందుకే నన్ను జనం గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఇదేమైనా జబ్బా సిస్టర్? ఇలాంటి కోరిక ఉండటం మామూలేనా?

మామూలే. మలద్వారం చుట్టూ నరాల చివర్లు చాలా ఎక్కువ. అందుకే అక్కడ నొప్పి ఎంత తెలుస్తుందో, హాయి కూడా అంతే తెలుస్తుంది. కొందరికి ఇష్టం, కొందరికి అస్సలు పడదు. రెండూ మామూలే. ఒకసారి ప్రయత్నించి "మనకొద్దులే" అనుకుని సొరుగులో పెట్టేసినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు.

మొదటిసారి నొప్పి తప్పదంటారు, నిజమేనా?

కాదు. ఈ మాట వల్లే చాలామంది పళ్లు బిగబట్టి దెబ్బలు తగిలించుకుంటారు. లోపల ఏముందో తెలిస్తే నొప్పి ఎందుకొస్తుందో అర్థమవుతుంది.

మలద్వారానికి రెండు కండర వలయాలు ఉంటాయి. బయటిది మన మాట వింటుంది. బిగించమంటే బిగిస్తుంది, వదలమంటే వదులుతుంది. లోపలిది వినదు. కంగారుగా ఉంటే బిగుసుకుంటుంది, శరీరం కుదుటపడితే తనంతట తనే వదులవుతుంది. దాన్ని తొందరపెట్టడం కుదరదు, ఓ నిమిషమో రెండు నిమిషాలో ఆగాల్సిందే. ఈ రెండూ కలిసిన దారి పొడవు సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్లే. దాని పైన పురీషనాళం మొదలవుతుంది, అది ఇంకో 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ దారి తిన్నగా ఉండదు. మొదట బొడ్డు వైపుకి, తర్వాత నడుము వెనక ఎముక వైపుకి వంగుతుంది. తిన్నగా పొడిస్తే గోడకు తగిలేది ఇందుకే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మలద్వారం దగ్గర చర్మానికి నొప్పి బాగా తెలుస్తుంది కానీ, కాస్త పైకి వెళ్తే గోడకు కోత పడినా పెద్దగా తెలియకపోవచ్చు. అంటే అంచు దగ్గర మంట మీకు వచ్చే మొదటి హెచ్చరిక. దాన్ని తట్టుకుని ముందుకెళ్తే లోపల ఏం జరిగిందో శరీరం చెప్పకపోవచ్చు. నిండుగా ఉన్నట్టు, ఒత్తిడిగా ఉన్నట్టు, విరేచనానికి వెళ్లాలన్నట్టు అనిపించడం పర్లేదు. మంట, గుచ్చినట్టు, చీరినట్టు అనిపిస్తే ఆపేయాలి. "ఇంకొంచెం ఓర్చుకుంటే సర్దుకుంటుంది" అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇదే కారణంగా మొద్దుబార్చే క్రీములు కూడా వద్దు. మెడికల్ షాపులో మొహమాటపడుతూ "జెల్లీ ఇవ్వండి" అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది లిగ్నోకెయిన్ జెల్లీ. అది మత్తు జెల్లీ. అది రాసుకుంటే హెచ్చరికను మీరే ఆపేసినట్టు. ట్యూబు మీద పేరు చదివి తీసుకోండి. మద్యం తాగి ప్రయత్నించడం కూడా ఇలాంటిదే.

ఎవరు దీని జోలికి పోకూడదు?

మొలలు వాచి ఉన్నవాళ్లు, ఫిషర్ అంటే అక్కడ చీలిక ఉన్నవాళ్లు, భగందరం ఉన్నవాళ్లు, ఈమధ్య ఆ చుట్టుపక్కల ఆపరేషన్ అయినవాళ్లు తగ్గేదాకా ఆగాలి. పేగు పూత, క్రోన్స్ వంటి జబ్బులు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు, ప్రోస్టేట్ బయాప్సీ గానీ రేడియేషన్ గానీ అయినవాళ్లు తమ డాక్టరుగారిని అడగాలి. గర్భిణులు కూడా అంతే, ముఖ్యంగా మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో చెప్పి ఉంటే. ఎందుకో చెప్పడానికి సిగ్గయితే "ఆ భాగంలో లైంగికంగా ఏదైనా చేయవచ్చా" అంటే చాలు, ఆయనకు అర్థమవుతుంది.

విరేచనం తర్వాత రక్తం పడుతోందా? ముందు అది ఏమిటో చూపించుకోండి. ప్రతి రక్తమూ మొలలే అనుకోవడం మనవాళ్లకు అలవాటు.

మొదటి టాయ్ ఎలాంటిది కొనాలి?

అన్నిటికంటే ముందు దాని అడుగు చూడండి. రంగు, ఆకారం, వైబ్రేషన్ అన్నీ దాని తర్వాతే. లోపలికి వెళ్లే భాగంలో ఎక్కడ బాగా లావుగా ఉందో, అడుగు అంతకంటే స్పష్టంగా వెడల్పుగా ఉండాలి. యోనికి చివర ఉంటుంది, అక్కడ వస్తువు పైకి పోయే దారి లేదు. పురీషనాళం అలా కాదు, పైన పెద్దపేగు ఉంది. కండర వలయం ఒకసారి మూసుకుంటే జారుడుగా ఉన్న వస్తువు పైకే వెళ్తుంది.

కొన్నాక ఇలా చూడండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. అందులోంచి టాయ్‌ను తోయండి. టాయ్ శరీరం జారిపోవాలి, అడుగు వచ్చేసరికి ఆగిపోవాలి. ఇప్పుడు అడుగును రెండువైపులా నొక్కి మడిచి చూడండి. మెత్తగా మడతపడి సున్నాలోంచి జారిపోతే ఆ టాయ్ వద్దు, ఎంత ఖరీదైనా సరే. చిన్న గుండ్రటి వైబ్రేటర్లకు తీగ ఒక్కటే ఉంటుంది, అడుగు ఉండదు. అది తెగుతుంది. వాటిని ఇక్కడ వాడకూడదు. పూసల్లాంటివి కొంటే అన్నీ ఒకే సిలికాన్ ముక్కగా పోతపోసి, చివర పెద్ద రింగు ఉన్నవే తీసుకోండి. దారానికి గుచ్చినవి వద్దు.

సైజు విషయంలో మొదటిసారి వేలంత లావుంటే చాలు. బాగా లావుగా ఉన్నచోట అడ్డంగా 2 నుంచి 2.5 సెంటీమీటర్లు, పొడవు 7 నుంచి 10 సెంటీమీటర్లు. ఫొటోలో చిన్నగా కనబడేది చేతికొచ్చాక పెద్దగా ఉంటుంది. కొనేముందు స్కేలు పెట్టి కాగితం మీద గీసుకుని చూడండి. మూడు సైజులు కలిపి అమ్మే సెట్టులో మొదటిదే మీది. మూడోది డబ్బాలో ఉండిపోయినా నష్టం లేదు.

సిలికాన్, రబ్బరు, స్టీలు... ఏది మంచిది?

మంచి సిలికాన్, స్టెయిన్‌లెస్ స్టీలు, బోరోసిలికేట్ గాజు. వీటిలో సూక్ష్మ రంధ్రాలు ఉండవు కాబట్టి కడిగితే నిజంగా శుభ్రమవుతాయి. జెల్లీ రబ్బరు, మెత్తటి పీవీసీ, టీపీఈ లాంటి వాటిలో రంధ్రాలు ఉంటాయి, క్రిములు లోపల మిగిలిపోతాయి. కొన్నిటిని మెత్తబరచడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. డబ్బా తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పున కొట్టి, చేత్తో పట్టుకుంటే జిడ్డుగా అంటుకుంటే డబ్బా మీద సిలికాన్ అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నా నమ్మకండి. అసలైన సిలికాన్‌కు దాదాపు వాసన ఉండదు. రంధ్రాలుండే రకాన్నే తప్పక వాడాలంటే దానికి కండోమ్ తొడగండి.

మొదటిసారికి నా ఓటు సిలికాన్‌కే. స్టీలు నునుపే కానీ వంగదు, చల్లగా ఉంటుంది. విశాఖలో చలి తెలియాలంటే డిసెంబరులో అరకు ఎక్కాలి గానీ, స్టీలు ముక్కకు మాత్రం ఏ నెలైనా చలే. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి వాడండి. గాజుదైతే ప్రతిసారీ వెలుతురులో తిప్పి చూసి, వేలితో తడిమి పగులు లేదని నిర్ధారించుకోవాలి.

టాయ్ కొనడం ఎందుకు, ఇంట్లో ఏదో ఒకటి చాలదా?

చాలదు. కొవ్వొత్తి విరుగుతుంది. సీసా మూతి లోపలి గోడను పీల్చి పట్టుకుని బిగుసుకుపోతుంది, లాగితే రాదు. కీరదోస, క్యారెట్‌లకు అడుగు లేదు, పైగా విరుగుతాయి. వంకాయ గుత్తివంకాయ కూరకే బాగుంటుంది.

లూబ్రికెంట్ తప్పనిసరా? ఏది వాడాలి?

తప్పనిసరి. యోనిలాగా ఇక్కడ సహజమైన తడి ఊరదు. ఉమ్మి నిమిషంలో ఆరిపోతుంది, క్రిములను కూడా మోసుకెళ్తుంది. సబ్బు, షాంపూ లోపలి పొరను మండిస్తాయి.

నీటితో చేసిన లూబ్ అన్ని రకాల టాయ్‌లకీ, అన్ని కండోమ్‌లకీ పనికొస్తుంది, కడగడం సులువు. లోపం ఒక్కటే, ఆరిపోతుంది. మన ఊళ్లో ఫ్యాను ఐదులో పెట్టుకుని పడుకుంటాం కదా, ఇంకా తొందరగా ఆరుతుంది. ఆరినప్పుడు కొంచెం నీళ్లు చిలకరిస్తే కొంతవరకు తిరిగి జారుడవుతుంది, మళ్లీ లూబ్ వేసుకుంటే ఇంకా మంచిది. సిలికాన్ లూబ్ చాలాసేపు నిలుస్తుంది కానీ సిలికాన్ టాయ్ పైపొరను పాడుచేయవచ్చు. స్టీలు, గాజు టాయ్‌లతో అయితే బేషుగ్గా ఉంటుంది.

కొనేటప్పుడు వేడిచేసేవి, చల్లబరిచేవి, రుచులు కలిపినవి పక్కన పెట్టేయండి. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ మరీ ఎక్కువున్న లూబ్‌లు పురీషనాళపు పొరలోంచి నీటిని లాగేసి దాన్ని బలహీనపరుస్తాయి. దీన్ని ఆస్మొలాలిటీ అనే లెక్కతో కొలుస్తారు. అది కిలోకు 1200 మిల్లీఆస్మోల్స్ మించకూడదని, 380 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. అన్ని కంపెనీలూ సీసా మీద ఈ అంకె వేయవు. వేసినది దొరికితే దానికే ఓటు.

ఎంత వేసుకోవాలని అడుగుతారు. చాలనుకున్నదానికి రెట్టింపు. కింద పాత తువ్వాలు పరుచుకోండి, దుప్పటి గురించి ఆలోచిస్తుంటే శరీరం వదులవదు.

కొబ్బరినూనె వాడొచ్చా? ఇంట్లో అదే ఉంది.

అందరూ అడిగే ప్రశ్న ఇదే. లేటెక్స్ కండోమ్ ఉంటే అస్సలు వద్దు, నూనె తగిలిన లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. కండోమ్ లేకుండా సిలికాన్, స్టీలు, గాజు టాయ్‌తో ఒంటరిగా వాడుకునేటప్పుడు స్వచ్ఛమైన కొబ్బరినూనె చాలామందికి ఇబ్బంది పెట్టదు. కడగడం మాత్రం కష్టం, బట్టలకు మరకలవుతాయి. తలకు రాసుకునే సువాసన నూనెలు, ఆవనూనె, నొప్పులకు రాసే నూనెలు పొరపాటున కూడా వద్దు.

ముందు ఎనిమా చేసుకోవాలా?

అక్కర్లేదు. విరేచనం సాఫీగా అయి ఓ గంట గడిస్తే పురీషనాళం దాదాపు ఖాళీగానే ఉంటుంది. మలం ఎక్కువగా పైన పెద్దపేగులో ఉంటుంది. బయట గోరువెచ్చని నీళ్లతో కడుక్కుంటే చాలు. కొంచెం మరక అంటితే అంటుతుంది, అది ఆ భాగం పని. ముదురు రంగు తువ్వాలు ఒకటి పక్కన పెట్టుకోండి.

తప్పకుండా చేసుకోవాలనిపిస్తే మెడికల్ షాపులో దొరికే చిన్న రబ్బరు బుడ్డితో, శరీరమంత వెచ్చగా ఉన్న మామూలు నీళ్లు కొద్దిగా చాలు. రోజూ చేస్తే లోపలి పొర పాడవుతుంది. ఒక్క మాట గట్టిగా చెబుతాను: బాత్రూంలో ఉండే హెల్త్ ఫాసెట్‌ను లోపల పెట్టకండి, దగ్గరగా ఆనించి తిప్పకండి. అపార్ట్‌మెంట్ పైనున్న ట్యాంకు నుంచి వచ్చే ఆ ఒత్తిడి బయట కడుక్కోవడానికి తప్ప పేగు తట్టుకోవడానికి కాదు.

దీనికంటే తిండి ఎక్కువ సాయం చేస్తుంది. రాగి అంబలి, ఆకుకూరలు, జామకాయ, సరిపడా నీళ్లు. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఇసబ్గోల్ పనికొస్తుంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో పచ్చిమిర్చి దట్టించిన ముంత మసాలా లాగించారనుకోండి, మర్నాడు ఈ కార్యక్రమం పెట్టుకోకండి. మిరపకాయలోని మంట సగం దారిలో ఆగిపోదు, చివరిదాకా వస్తుంది.

సరే, మొదటిసారి ఎలా మొదలుపెట్టాలి?

తలుపు గడియ పెట్టుకోగలిగే సమయం చూసుకోండి. గంట తర్వాత అత్తయ్యగారు గాజువాక నుంచి వస్తున్నారంటే ఆ రోజు వద్దు. చెవి గేటు వైపు పెట్టుకుని ఉంటే లోపలి కండరం వదులవదు. గోళ్లు కత్తిరించుకోండి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే కండరాలు సడలుతాయి.

ఎడమవైపుకి తిరిగి పడుకుని మోకాళ్లు పొట్ట వైపు మడవండి. డాక్టర్లు పరీక్ష చేసేటప్పుడు పడుకోబెట్టేదీ ఇలాగే, ఎందుకంటే ఆ భంగిమలో దారి తేలికవుతుంది. మొదట వేలితోనే. గ్లవుజు గానీ ఫింగర్ కాట్ (ఒక్క వేలికి తొడిగే రబ్బరు తొడుగు) గానీ తొడుక్కుంటే గోరు భయం ఉండదు. బయట చుట్టూ లూబ్ రాసి, లోపలికి పోవాలనే తొందర లేకుండా కాసేపు అలా సున్నితంగా రుద్దండి. కొంతమంది మొదటిరోజు ఇక్కడితో ఆపేస్తారు, అది తెలివైన పనే.

వేలు లోపలికి వెళ్లేటప్పుడు నోటితో మెల్లగా గాలి వదలండి, విరేచనానికి వెళ్లినప్పుడు ముక్కినట్టు కొంచెం బయటికి తోయండి. తలకిందులుగా అనిపిస్తుంది కానీ, అలా తోసినప్పుడే బయటి కండరం తెరుచుకుంటుంది. వేలు ఒక కణుపు వెళ్లాక ఆగండి. అక్కడ లోపలి వలయం వేలిని గట్టిగా పట్టుకున్నట్టు తెలుస్తుంది. కదపకండి. పదిసార్లు ఊపిరి తీసి వదలండి. ఆ పట్టు దానంతటదే సడలుతుంది, మీకే తెలుస్తుంది. ఎవరైనా చేయి బిగించి పట్టుకుని, నమ్మకం కుదిరాక వదిలేసినట్టుంటుంది. ఆ క్షణం వచ్చేదాకా టాయ్ ముట్టుకోవద్దు.

తర్వాత టాయ్‌కీ, మీకూ మళ్లీ లూబ్. కొసను బొడ్డు వైపు చూపిస్తూ ఆనించి, మీరు దాన్ని తోయడం కంటే అది లోపలికి జారేలా వదలండి. లావు భాగం దగ్గర బిగుతుగా ఉంటే అర సెంటీమీటరు వెనక్కి తీసి ఆగి, మళ్లీ ప్రయత్నించండి. మూడుసార్లకీ కుదరకపోతే ఆ రోజుకి సెలవు. తీసేటప్పుడు కూడా ఇంతే నిదానం. చాలామంది పెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండి, తీసేటప్పుడు ఒక్కసారిగా లాగి చీలిక తెచ్చుకుంటారు. ఊపిరి వదులుతూ, కొంచెం ముక్కుతూ బయటికి రానివ్వండి.

ఎంతసేపు ఉంచొచ్చు? రాత్రంతా ఉంచి పడుకోవచ్చా?

మొదట్లో పది, పదిహేను నిమిషాలు. అలవాటయ్యాక మీ శరీరమే చెబుతుంది, కానీ నిద్రపోతూ వద్దు. నిద్రలో నొప్పి వెంటనే తెలియకపోవచ్చు, లూబ్ ఆరిపోతుంది, ఒకేచోట ఒత్తిడి పడితే పొర దెబ్బతింటుంది. పెట్టుకుని సింహాచలం ఘాట్ రోడ్డు మీద బండి నడపొచ్చా అని కూడా ఒకరు అడిగారు. వద్దు నాయనా.

తీశాక రక్తం కనబడింది. ఏం చేయాలి?

తుడుచుకున్న కాగితం మీద ఎర్రగా ఒకటి రెండు చుక్కలైతే చాలావరకు అంచు దగ్గర చిన్న గీత. అంతటితో ఆపేసి, వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోండి, రోజుకు రెండు మూడుసార్లు. ఉప్పూ, డెట్టాలూ ఏమీ కలపనక్కర్లేదు. విరేచనం గట్టిపడకుండా చూసుకోండి. పూర్తిగా తగ్గాక కూడా రెండు వారాలు ఆ వైపు వెళ్లకండి.

రక్తం ఆగకుండా కారుతున్నా, గడ్డలుగా పడుతున్నా, పొత్తికడుపులో నొప్పి మొదలైనా, పొట్ట రాయిలా గట్టిపడినా, జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఆసుపత్రి. పేగుకు చిల్లు పడితే కనిపించే లక్షణాలివే. తెల్లారనిద్దాం అనుకోకూడదు. 108కి ఫోన్ చేయండి.

టాయ్ లోపలికి వెళ్లిపోయింది, అందడం లేదు!

ముందు ఊపిరి పీల్చుకోండి. పొట్టనొప్పి, రక్తం లేకపోతే కొంచెం వ్యవధి ఉంది. వైబ్రేటరైతే మోత అలాగే వినిపిస్తుంటే భయమేస్తుంది, బ్యాటరీ అయిపోతే అదే ఆగుతుంది. బాత్రూంలో గొంతుక్కూర్చుని, విరేచనానికి వెళ్లినట్టు నెమ్మదిగా రెండు మూడుసార్లు ముక్కి చూడండి. అంచు బయటికి కనబడితే తడి లేని గుడ్డతో పట్టుకుని తీయవచ్చు.

రాకపోతే అక్కడితో మీ ప్రయత్నం ఆపేయాలి. పటకారు, చెంచా, కొక్కెం ఏదీ లోపల పెట్టొద్దు. వార్డులో చూసిన పెద్ద గాయాల్లో చాలావరకు వస్తువు చేసినవి కాదు, దాన్ని తీయబోయి చేసుకున్నవి. విరేచనాల మందు, ఎనిమా వద్దు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినకుండా, తాగకుండా బయల్దేరండి. విశాఖలో ఏ రాత్రైనా తెరిచి ఉండేది కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీ. ఎమర్జెన్సీ, సర్జన్ ఉన్న ప్రైవేటు ఆసుపత్రి దగ్గర్లో ఉంటే అదీ సరే.

అక్కడ కథలు అల్లకండి. ఏ వస్తువు, ఎంత పొడవు, దేనితో చేసింది, బ్యాటరీ ఉందా, ఎన్నింటికి జరిగింది: ఈ ఐదు మాటలు చెప్పండి. అలాంటిదే ఇంకోటి ఉంటేనో, ఆన్‌లైన్‌లో దాని ఫొటో ఉంటేనో చూపించండి, ఎక్స్‌రే చదివే డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. ఎవరూ బలవంతం చేయకపోతే ఆ మాట కూడా స్పష్టంగా చెప్పండి, చేసి ఉంటే అదీ చెప్పండి. పేషెంటు రహస్యం కాపాడటం డాక్టర్లకు 2002 నాటి వైద్యమండలి నియమాల్లోనే ఉంది. వార్డులో ఎవరో ముసిముసిగా నవ్వొచ్చు. నేను పనిచేసిన చోట కూడా నవ్విన వాళ్లున్నారు, వాళ్లను చూసి నాకే సిగ్గేసింది. కానీ సర్జన్లకు ఇది కొత్త కాదు, మత్తిచ్చి కండరం సడలగానే చాలావాటిని కోత లేకుండానే తీసేస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ వాపు పెరిగి ఆ పని కష్టమవుతుంది.

ఇలా చేస్తే వదులైపోయి ఆపుకోలేకపోతామా?

నొప్పి లేకుండా, చిన్న సైజుతో, ఆగి ఆగి వాడితే కండరం సాగి మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ విరేచనానికి తెరుచుకుని మూసుకునేదే కదా. కండరం చిరిగేలా బలవంతం చేస్తే, మరీ పెద్ద సైజులకు ఎగబాకితే పట్టు తగ్గే ప్రమాదం నిజంగానే ఉంది. మూత్రం ఆపుకున్నట్టు బిగించి ఐదు సెకన్లు పట్టి వదిలే వ్యాయామం రోజూ పది పదిహేనుసార్లు చేస్తే బిగించడమూ, వదలడమూ రెండూ వస్తాయి. బస్సులో కూర్చుని కూడా చేయొచ్చు, ఎవరికీ తెలియదు.

మగవాడు వాడితే గే అయిపోతాడా?

అవడు. ఎవరి మీద మనసు పోతుందన్నది వేరు, శరీరంలో ఎక్కడ హాయిగా ఉందన్నది వేరు. మగవాళ్లలో ముందు గోడ వైపు, లోపలికి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది, కుంకుడుకాయ కంటే కాస్త పెద్దది. దాన్ని మెల్లగా నొక్కితే కొందరికి బాగుంటుంది, కొందరికి మూత్రం వస్తున్నట్టు మాత్రమే ఉంటుంది. గట్టిగా పొడవకూడదు. ఇక గే అయినవాళ్లు ఇది చదువుతుంటే, ఇందులోని ప్రతి మాటా మీకూ వర్తిస్తుంది, ఇంతకంటే వేరే ప్రశ్న అక్కర్లేదు.

మా ఆవిడకు ఇష్టం లేదు / మా ఆయన బలవంతం చేస్తున్నారు.

మొదటిదానికి: అయితే వద్దు. మళ్లీ మళ్లీ అడిగి విసిగించి ఒప్పించడం ఒప్పుకోవడం కిందికి రాదు. మీకే కావాలనిపిస్తే మీ మీదే వాడుకోవచ్చు.

రెండోదానికి: అమ్మా, మీరు "వద్దండీ" అన్నాక చేసేది హింస. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది. ఇద్దరికీ ఇష్టమైనప్పుడు మాత్రం ముందే ఒక మాట అనుకోండి. "చాలు" అంటే ఆ సెకనులోనే ఆగిపోవాలి, ఎందుకని అడగకూడదు. మొదటిసారి టాయ్ ఎవరి శరీరంలోకి వెళ్తుందో వాళ్ల చేతిలోనే ఉండటం మంచిది.

జబ్బులు అంటుకుంటాయా?

మీ సొంత టాయ్ మీరొక్కరే వాడితే హెచ్ఐవీ ఎక్కడినుంచీ రాదు. ఒకరి నుంచి ఒకరికి మారితే హెచ్ఐవీ, హెపటైటిస్, గనేరియా లాంటివి రావచ్చు. మనిషి మారినప్పుడల్లా కొత్త కండోమ్. మలద్వారంలో పెట్టినది కడగకుండా, కండోమ్ మార్చకుండా యోనిలోకి వెళ్లకూడదు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు ఇలాగే మొదలవుతాయి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోండి.

ఏదైనా అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో సుఖవ్యాధుల చికిత్స ఉంటుంది. 1097కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. హెచ్ఐవీ సోకే అవకాశం ఉన్న సంఘటన జరిగితే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది, 28 రోజులు వాడాలి.

కడగడం, దాచడం ఎలా?

వాడిన వెంటనే గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బు. మోటారు లేని సిలికాన్, స్టీలు టాయ్‌లను ఐదు నిమిషాలు మరిగించవచ్చు. దానికి వేరే గిన్నె పెట్టుకోండి, సాంబారు గిన్నె కాదు. మోటారు ఉన్నవాటిని ముంచే ముందు నీళ్లు తట్టుకుంటాయో లేదో డబ్బా మీద చూడండి.

మన ఊళ్లో అసలు కష్టం ఆరబెట్టడం. ఎంవీపీ కాలనీ అయినా మధురవాడ అయినా సముద్రపు గాలికి అలమరలో తోలు బెల్టులే బూజు పడతాయి. తడి టాయ్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టేస్తే వారానికి నల్లమచ్చలు వస్తాయి. పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చి, కాటన్ సంచిలో పెట్టండి. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి ఆ సంచిలో పడేస్తే మంచిది. మచ్చ, పగులు, జిగురు కనబడితే అది పారేయాల్సిందే.

కొంటే పోలీసు కేసు అవుతుందా?

ఇంట్లో పెట్టుకుని వాడుకోవడం నేరమని చెప్పే చట్టమేదీ లేదు. అశ్లీల వస్తువుల అమ్మకం, ప్రదర్శనకు భారతీయ న్యాయ సంహితలో 294 సెక్షన్ ఉంది, అందుకే అమ్మేవాళ్లు మసాజర్ అనో, వెల్‌నెస్ ఉత్పత్తి అనో రాస్తారు. ఇద్దరు పెద్దలు ఇష్టపూర్వకంగా నాలుగు గోడల మధ్య చేసుకునేదాన్ని పాత ఐపీసీలోని 377 సెక్షన్ పరిధి నుంచి సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తప్పించింది. చాలామంది అమ్మకందార్లు పేరు లేని అట్టపెట్టెలోనే పంపుతారు. వాచ్‌మన్ తీసుకుంటాడని భయమైతే మీరు ఇంట్లో ఉండే రోజు చూసుకుని తెప్పించుకోండి.

పాతది ఎలా పారేయాలి?

కడిగి, బ్యాటరీ ఉంటే తీసేసి, రెండు పాత న్యూస్‌పేపర్లలో చుట్టి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) చెత్త బండి వచ్చినప్పుడు పొడి చెత్తలో వేయండి. బ్యాటరీ బయటికి రాని రకమైతే ఈ-వేస్ట్‌లో ఇవ్వాలి. తడి చెత్తలో వేస్తే బండి దగ్గరుండే ఆవిడ చేత్తో వేరు చేయాల్సి వస్తుంది, పాపం.